రాతి తీరాల్లో బల్లెం వేట: ఆగ్నేయ ఆస్ట్రేలియా

ఊపిరి బిగబట్టి నీటిలో మునిగి, చేతి బల్లెంతోనో, బల్లేన్ని విసిరే రబ్బరు తుపాకీతోనో చేపను కొట్టడమే బల్లెం వేట. వలకూ గాలానికీ లేని ఒక లక్షణం దీనికి ఉంది. వేటగాడు ముందు చేపను చూస్తాడు, అదేమిటో గుర్తుపడతాడు, ఎంత పొడవుంటుందో అంచనా వేస్తాడు, ఆ తర్వాతే కొడతాడు. అక్కర్లేని చేప చావదు. ఇంత ఎంపికతో సాగే వేట మరొకటి లేదని దీన్ని సమర్థించేవాళ్లు అనే మాట నిజమే. కానీ ఆ ఎంపికలో ముందు పోయేవి ఏవి? మనిషిని చూసి పారిపోనివి, ఏళ్ల తరబడి ఒకే బండ కింద కాపురముండేవి, నిదానంగా ఎదిగి పెద్దవయ్యేవి. ఆస్ట్రేలియా ఆగ్నేయ తీరంలో బల్లెం వేట చరిత్ర మొత్తం ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది. అక్కడి చట్టాలూ అందులోంచే పుట్టాయి.

తీరం

ఆస్ట్రేలియా సముద్రం అనగానే అందరికీ గుర్తొచ్చేది ఉత్తరాన ఉన్న పగడాల గ్రేట్ బారియర్ రీఫ్. దక్షిణాన పగడాలకు బదులు రాయి ఉంటుంది, రాతి మీద కెల్ప్ అనే గోధుమరంగు నాచు అడవిలా పెరుగుతుంది. న్యూ సౌత్ వేల్స్ నుంచి విక్టోరియా, టాస్మేనియా, దక్షిణ ఆస్ట్రేలియా మీదుగా పశ్చిమ ఆస్ట్రేలియా వరకు సుమారు 8,000 కిలోమీటర్ల పొడవునా సాగే ఈ రాతి వ్యవస్థను శాస్త్రవేత్తలు గ్రేట్ సదరన్ రీఫ్ అంటున్నారు. ఇక్కడి జీవుల్లో చాలావాటికి ప్రపంచంలో మరో చోటు లేదు.

సిడ్నీ దగ్గర ఇసుకరాతి కొండలు నిటారుగా సముద్రంలోకి దిగుతాయి. వాటి అంచుల నుంచి విరిగిపడ్డ బండలు నీటి అడుగున గుట్టలు పడి ఉంటాయి. గుట్టల మధ్య సందులు, గుహలు, అడుగున ఇసుక పరుచుకున్న లోతైన కాలువలు ఉంటాయి. పగడాల సముద్రం నుంచి దక్షిణానికి ప్రవహించే తూర్పు ఆస్ట్రేలియా ప్రవాహం వేసవిలో గోరువెచ్చని నీటినీ, దాని వెంట ఉష్ణమండలపు చేపపిల్లల్నీ మోసుకొస్తుంది. అందువల్ల ఒకే బండ దగ్గర చలినీటి చేపా వేడినీటి చేపా కలిసి కనిపించే రోజులుంటాయి. బల్లెం వేటకు కావలసినవన్నీ ఇలాంటి చోట ఒక్కసారే దొరుకుతాయి: కంటికి ఆనే తేట నీరు, ఊపిరికి అందే లోతు, చేపకు దాగే చోటు, మనిషికీ చాటు.

తొలి వేటగాళ్లు

బల్లెంతో చేపను పొడవడం మనిషి అతి పాత విద్యల్లో ఒకటి. మధ్య ఆఫ్రికాలో, నేటి కాంగోలోని కటాండా దగ్గర దొరికిన ముళ్ల ఎముక మొనలు దాదాపు 90,000 ఏళ్ల నాటివని లెక్కగట్టారు. వాటితో పాటు పెద్ద క్యాట్‌ఫిష్ ఎముకలూ దొరికాయి.

సిడ్నీ తీరంలోని ఆదివాసీ తెగల్లో చేపల వేట ఆడామగా పంచుకున్న పని. ఆడవాళ్లు చెట్టుబెరడు పడవల్లో కూర్చుని, గవ్వను అర్ధచంద్రాకారంలో అరగదీసి చేసిన కొక్కేలతో గాలం వేసేవారు. మగవాళ్ల పనిముట్టు అనేక మొనల బల్లెం. దాని కర్ర గ్రాస్‌ట్రీ అనే మొక్క పూకాడ. కొసన గట్టి చెక్కతో మూడు నాలుగు పుల్లలు చేర్చి, జిగురుతో అతికి, నారతో బిగించి, ఒక్కో పుల్ల చివర ఎముక ముల్లు కట్టేవారు. చేప రెండు పుల్లల మధ్య ఇరుక్కున్నా చాలు, జారిపోదు. తొలి బ్రిటిష్ వలసదారులు తమ రాతల్లో ఒక దృశ్యాన్ని ఆశ్చర్యంగా నమోదు చేశారు. వేటగాడు పడవకు అడ్డంగా బోర్లా పడుకుని, ముఖం నీటిలో ముంచి, బల్లెం మొన కూడా నీటిలోనే ఉంచి, చేప కిందికి వచ్చేదాకా కదలకుండా ఉండేవాడట. ముఖం నీటిలో ఉంటే పైన అలల మెరుపు కంటికి అడ్డురాదు. మొన ముందే నీటిలో ఉంటే, నీటి వక్రీభవనం వల్ల గురి తప్పే బెడద తగ్గుతుంది, చప్పుడూ ఉండదు. కళ్లద్దాలు లేని కాలంలో ఇంతకన్నా తెలివైన పద్ధతి ఊహించడం కష్టం.

1770 ఏప్రిల్‌లో జేమ్స్ కుక్ ఓడ సిబ్బంది కామే అనే అఖాతంలో దిగి, గ్వీగల్ తెగవారి గుడిసెల దగ్గర నుంచి 40కి పైగా బల్లేలు పట్టుకుపోయారు. అక్కడ టేకు చేపలు విస్తారంగా దొరకడంతో కుక్ ఆ చోటికి మొదట వాటి పేరే పెట్టి, తర్వాత బోటనీ బే అని మార్చాడు. తీసుకుపోయిన వాటిలో మిగిలినవి నాలుగు. రెండు వందల యాభై ఏళ్లు కేంబ్రిడ్జ్ ట్రినిటీ కళాశాల సొత్తుగా ఉన్న ఆ నాలుగు బల్లేలను 2024 ఏప్రిల్‌లో లా పెరూజ్ ఆదివాసీ సమాజానికి శాశ్వతంగా తిరిగి ఇచ్చేశారు. సంగ్రహాలయపు వస్తువులుగా కన్నా, వాటిని ఇప్పటికీ తయారుచేయగల చేతులున్న ఊరిలో వాటికి విలువ ఎక్కువ.

టాస్మేనియాలో మునిగే పని ఆడవాళ్లది. చలినీటిలోకి దిగి కెల్ప్ మధ్య నుంచి అబలోన్ అనే గవ్వజీవుల్ని, లాబ్‌స్టర్లను తెచ్చే ఆదివాసీ స్త్రీలను 1790లలో వచ్చిన ఫ్రెంచి నావికులు చూసి రాశారు. న్యూ సౌత్ వేల్స్ దక్షిణ తీరంలో యూయిన్ ప్రజలు ఇప్పటికీ అబలోన్ కోసం మునుగుతారు. ఎన్ని తీసుకోవచ్చన్న దానిపై వాళ్లకూ మత్స్యశాఖకూ మధ్య కేసులు చాలాకాలంగా నడుస్తున్నాయి. తరతరాలుగా ఆ తీరాన్ని తిని బతికినవాళ్లకూ, సెలవురోజున వచ్చి పట్టుకునేవాళ్లకూ ఒకే కొలబద్ద పెట్టడం న్యాయం కాదు.

కళ్లద్దాలు, రెక్కలు, తుపాకీ

ఆధునిక బల్లెం వేట మధ్యధరా తీరంలో, 1930లలో పుట్టింది. ఫ్రెంచి రివియెరాలో ఉంటున్న అమెరికన్ రచయిత గై గిల్‌పాట్రిక్ నీరు చొరబడని కళ్లద్దాలు పెట్టుకుని చేపల్ని పొడిచేవాడు. ఆ అనుభవాలతో 1938లో ఒక పుస్తకం వేశాడు. ఆయన్ను చూసి నేర్చుకున్న ఆస్ట్రియా యువకుడు హాన్స్ హాస్ తర్వాత నీటి అడుగు సినిమాలకు ఆద్యుల్లో ఒకడయ్యాడు. అదే తీరంలో ఫ్రెడెరిక్ డ్యుమా అనే వేటగాడు, ఫిలిప్ తాయే, జాక్ కూస్తో అనే ఇద్దరు నౌకాదళ అధికారులు స్నేహితులయ్యారు. కాళ్లకు తొడిగే రబ్బరు రెక్కలకు లూయి ద కార్లియు 1933లో పేటెంటు తీసుకున్నాడు. మార్సెయ్‌లో జార్జ్ బ్యుషా 1940లలో రబ్బరు పట్టీలతో పనిచేసే తుపాకీని మార్కెట్లోకి తెచ్చాడు. నేటి స్పియర్‌గన్‌లలో ఎక్కువ భాగం దాని సంతానమే.

పసిఫిక్ అవతల, కాలిఫోర్నియాలోని శాన్ డియెగోలో బాటమ్ స్క్రాచర్స్ అనే సంఘం 1933లోనే మొదలైంది. సిడ్నీలో 1948లో ఒక సంఘం ఏర్పడింది, ఆస్ట్రేలియాలో బల్లెం వేటకు అదే మొదటి వేదిక. పదేళ్లు తిరక్కుండానే అది క్రీడగా మారి, పోటీలు, పాయింట్లు, పతకాలు వచ్చాయి. 1957లో తొలి ప్రపంచ పోటీలు యుగోస్లావియాలోని లోషీన్ దీవిలో జరిగాయి. 1965లో తాహితీలో జరిగిన ప్రపంచ పోటీల్లో సిడ్నీ వాసి రాన్ టేలర్ విజేత. ఈ పేరు మళ్లీ వస్తుంది.

పనిముట్లు, పద్ధతి

పనిముట్లలో అతి సరళమైనది చేతి బల్లెం. వెనక కొసకు కట్టిన రబ్బరు ఉచ్చును బొటనవేలికి తగిలించి, కర్రను వెనక్కి లాగి పట్టుకుంటారు. పట్టు వదిలితే రబ్బరే దాన్ని ముందుకు తోస్తుంది. తుపాకీలో ఒక పొడవాటి గొట్టం లేదా చెక్క, దానిపై ఉక్కు బల్లెం, రెండో మూడో రబ్బరు పట్టీలు, మీట ఉంటాయి. పిడిని పొట్టకు ఆనించి, రెండు చేతులతో పట్టీని లాగి బల్లెం గాడిలో తగిలించాలి. గాలి ఒత్తిడితో పనిచేసే రకాలూ ఉన్నాయి. బల్లెం మొన వెనక మడతపడే ముల్లు ఉంటుంది. చేపలోంచి దూసుకెళ్లాక అది విచ్చుకుని పట్టేస్తుంది. బల్లేనికీ తుపాకీకీ మధ్య తాడుంటుంది. రాతి గుహల్లో పొట్టి తుపాకీ, చాటు లేని నీటిలో పొడవు తుపాకీ పనికొస్తాయి.

నీటి పైన ముఖం ముంచి, స్నార్కెల్‌తో గాలి పీలుస్తూ, వేటగాడు బండల మీదుగా నెమ్మదిగా తేలుతూ పోతాడు. మాస్క్ గాజులోంచి చూస్తే నీటిలో ప్రతిదీ మూడో వంతు పెద్దగా, కాస్త దగ్గరగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు నియమిత పరిమాణానికి తక్కువున్న చేపను కొట్టడానికి మొదటి కారణం ఇదే. గుండె వేగం తగ్గాక, నడుము దగ్గర వంగి కాళ్లు పైకెత్తితే ఒంటి బరువే కిందికి తోస్తుంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపై, ఊపిరితిత్తులు సగానికి ముడుచుకుంటాయి. అక్కడి నుంచి మనిషి తేలడు, కాళ్లాడించకపోయినా దిగిపోతాడు.

అడుగున పనికొచ్చేది వేగం కాదు, కదలకుండా ఉండటం. తరిమితే ఏ చేపైనా మనిషిని క్షణంలో దాటిపోతుంది. అందుకే వేటగాడు ఒక బండ వెనక, కెల్ప్ ఆకుల మధ్య పడుకుని, చేప వైపు సూటిగా చూడకుండా కాచుకుంటాడు. కింగ్‌ఫిష్ లాంటి విశాల సముద్రపు చేప, ఆ కొత్త ఆకారమేమిటో తెలుసుకోవాలన్న కుతూహలంతో తనంతట తానే దగ్గరికొచ్చి చుట్టూ తిరుగుతుంది. స్నాపర్ అలా కాదు, చిన్న చప్పుడుకే మాయమవుతుంది. లుడెరిక్ తెల్లటి నురగ కింద గుంపుగా మేస్తుంటుంది. డ్రమ్మర్ గుహ చీకట్లోకి దూరుతుంది. ఇక ఎర్ర మోర్‌వాంగ్ గుంపు పగలంతా ఒకే బండ దగ్గర విశ్రాంతిగా ఉంటుంది, రేపు వెళ్లినా అక్కడే ఉంటుంది. అది ముప్పై ఏళ్లకు పైగా బతికే చేప. ఒక సీజన్లో ఇద్దరు ముగ్గురు వేటగాళ్లు పట్టుబట్టి వేటాడితే ఆ బండ ఖాళీ అయిపోతుంది. మళ్లీ నిండటానికి ఏళ్లు పడుతుంది.

కొట్టిన చేపను పట్టుకోగానే కంటి పైభాగాన కత్తి మొన దింపి మెదడును ఛేదించడం మంచి వేటగాళ్ల అలవాటు. చేపకు బాధ తగ్గుతుంది, మాంసం చెడదు, కొట్టుకోవడం ఆగిపోతుంది కాబట్టి సొరలకు కబురు అందదు.

ఊపిరి దగ్గర జరిగే మోసం

ఈ వేటలో మనుషులు ఎక్కువగా చనిపోయేది సొర వల్ల కాదు, స్పృహ తప్పి మునిగిపోవడం వల్ల. ఊపిరి పీల్చాలన్న తపన ఆక్సిజన్ తగ్గినందుకు పుట్టదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు పుడుతుంది. మునిగే ముందు గబగబా పదేపదే గాలి పీల్చి వదిలితే కార్బన్ డయాక్సైడ్ పోతుంది, ఆక్సిజన్ మాత్రం పెద్దగా పెరగదు. దాంతో హెచ్చరిక ఆలస్యమవుతుంది. లోతులో ఉన్నంతసేపు ఒత్తిడి వల్ల ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా రక్తానికి అందుతుంటుంది. పైకి వస్తుంటే ఒత్తిడి పడిపోయి, చివరి కొద్ది మీటర్లలో ఆ సరఫరా ఒక్కసారిగా తెగుతుంది. మనిషికి ఏ బాధా తెలియకుండానే, వెలుతురు చూస్తూ చూస్తూ స్పృహ పోతుంది. పక్కన ఎవరైనా ఉంటే ముఖం నీటిపైకి ఎత్తితే చాలు, చాలాసార్లు తేరుకుంటాడు. ఒంటరిగా ఉంటే చావే. ఒకరు మునిగితే ఒకరు పైనుండి కనిపెట్టాలన్న నియమాన్ని ప్రతి సంఘమూ మొదటి పాఠంగా చెబుతుంది. మునిగినంత సేపటికి కనీసం రెట్టింపు సేపు పైన విశ్రాంతి తీసుకోవడం, ప్రమాదంలో, బరువు కోసం నడుముకు కట్టుకున్న సీసపు బెల్టును విప్పి వదిలేయడం కూడా అందులో భాగమే.

గ్రే నర్స్: తప్పుగా చచ్చిన సొర

ఈ తీరంలో మనిషికీ సముద్రజీవికీ మధ్య జరిగిన అతి పెద్ద అన్యాయం గ్రే నర్స్ సొరది. మూడు మీటర్లకు పైగా పెరుగుతుంది. నోరు మూసినా పళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఆ పళ్లు చూస్తే ఎవరికైనా భయమేస్తుంది, కానీ అవి చేపల్ని, చిన్న సొరల్ని జారిపోకుండా పట్టుకోవడానికే. మిగతా సొరల్లో కనిపించని విద్య ఒకటి దీనికి తెలుసు. నీటిపైకి వచ్చి గాలి మింగి, కడుపులో దాచుకుని, ఆ తేలికతో రెక్క కదపకుండా కాలువ మధ్యలో నిలిచిపోతుంది. పగలు పది పన్నెండు కలిసి రాతి కాలువల్లో, గుహ వాకిట్లో ఇలా తేలుతుంటాయి. సిడ్నీలో మరూబ్రా దగ్గరి మ్యాజిక్ పాయింట్, ఉత్తరాన సౌత్ వెస్ట్ రాక్స్ ఎదుట బండను ఇటు నుంచి అటు తొలిచిన గుహ ఉన్న ఫిష్ రాక్ వీటి స్థావరాలు.

తీరంలో ఎవరిని సొర కరిచినా, అది గ్రే నర్స్ పనేనని పత్రికలు రాసిన కాలమొకటి ఉంది. 1950లు, 60లలో బల్లెం వేటగాళ్లు మొనకు తూటా బిగించిన పవర్‌హెడ్‌లతో గుహల్లోకి దిగారు. సొర కదలదు. మొన దాని తల వెనక తాకగానే తూటా పేలుతుంది. ఒక్కో స్థావరాన్ని వారాంతాల్లోనే ఖాళీ చేశారు. ఒడ్డున శవాల పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నవాళ్లు వీరులనిపించుకున్నారు. చంపింది ఎవరినీ తినని జంతువునని అప్పట్లో చాలామందికి తెలియదు.

ఇది ఎంత నెమ్మదిగా పిల్లల్ని కంటుందో తెలిస్తే నష్టం లోతు అర్థమవుతుంది. తల్లికి రెండు గర్భాశయాలుంటాయి. ఒక్కోదానిలో ముందుగా ఎదిగిన పిల్ల మిగతా పిండాల్ని, గుడ్లను తినేస్తుంది. చివరికి పుట్టేవి రెండే, అదీ రెండేళ్లకోసారి. ఈ లెక్కతో పోగొట్టుకున్నది తిరిగి రావడానికి తరాలు కావాలి. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం 1984లో దీన్ని చంపడం నేరమని ప్రకటించింది. ప్రపంచంలో చట్టం రక్షించిన మొదటి సొర ఇదే. అందుకు గట్టిగా పోరాడింది రాన్ టేలర్, ఆయన భార్య వాలెరీ. ఇద్దరూ బల్లెం వేట ఛాంపియన్లు. 1960ల చివర్లో తుపాకీ పక్కన పెట్టి కెమెరా పట్టుకున్నారు. నలభై ఏళ్ల రక్షణ తర్వాత కూడా తూర్పు తీరపు గ్రే నర్స్ అంతరించే అంచున ఉన్న జాబితాలోనే ఉంది. మింగిన గాలాలు ఇప్పటికీ వాటి ప్రాణం తీస్తున్నాయి.

బ్లూ గ్రోపర్, నల్ల రాక్‌కాడ్

తూర్పు బ్లూ గ్రోపర్ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర చేప. పేరులో గ్రోపర్ ఉన్నా అది గ్రోపర్ల జాతి కాదు, నిజానికి రాస్ అనే చేపల కుటుంబానిది. లావు పెదవులు, మేకుల్లాంటి పళ్లు. వాటితో సీ అర్చిన్ అనే సముద్రజీవిని ముళ్లతో సహా నలిపి తింటుంది. అన్నీ ఆడవిగా, గోధుమ లేదా ఎరుపు రంగులో ఎదుగుతాయి. ఆ పరిధిలోని పెద్ద మగది పోతే, ఆడవాటిలో పెద్దది మగగా మారి నీలిరంగు తెచ్చుకుంటుంది. అంటే ఒక నీలి చేపను కొట్టినవాడు ఆ బండకు ఉన్న ఒక్క మగదాన్నీ కొట్టినట్టే.

దీనికి మనిషంటే భయం లేదు. ఈతగాడి వెంట కుక్కపిల్లలా తిరుగుతుంది, బండ తిప్పితే వచ్చి తొంగిచూస్తుంది, అర్చిన్ పగలగొట్టి పెడితే చేతిలోంచి తింటుంది. సరిగ్గా ఈ గుణమే దాన్ని చంపింది. 1960ల నాటికి సిడ్నీ చుట్టుపక్కల పెద్ద నీలి మగవి దాదాపు కనుమరుగయ్యాయి. 1969లో వేట పూర్తిగా నిషేధించారు. కొన్నేళ్ల తర్వాత గాలానికి సడలించినా బల్లేనికి నిషేధం కొనసాగింది, చేపలూ తిరిగొచ్చాయి. ఇప్పుడు క్లోవెల్లీ, మాన్లీ లాంటి చోట్ల ఒడ్డు నుంచి పది బారలు ఈదితే ఎదురవుతాయి. 2023 డిసెంబర్ చివర్లో క్రోనల్లా దగ్గర అందరికీ పరిచయమైన ఒక పెద్ద నీలి చేపను ఒకతను బల్లెంతో చంపాడు. 500 డాలర్ల జరిమానా పడింది. ఊరు మొత్తం ఒక మనిషి పోయినట్టు బాధపడింది. ఆ శిక్ష చాలదన్న ఆగ్రహం తర్వాత, 2024లో ప్రభుత్వం గాలంతో పట్టడాన్ని కూడా నిషేధించింది.

నల్ల రాక్‌కాడ్ కథ ఇంకా కఠినం. గుహల్లో ఒంటరిగా బతికే ఈ చేప ఆడదిగా ఎదిగి, మీటరు పొడవు దాటాక, ముప్పై ఏళ్ల వయసు దగ్గరలో మగదవుతుంది. ఒక గుహను ఎంచుకుందంటే అక్కడే ఉండిపోతుంది. గుహ చిరునామా తెలిసిన వేటగాడికి అది తప్పించుకునే చేప కాదు. 1983లో రక్షణ వచ్చింది. అయినా పెద్దవి ఈనాటికీ అరుదే.

బండల మధ్య ఎదురయ్యేవి

వాబ్బిగాంగ్ అనే తివాచీ సొర మూతి చుట్టూ నాచులాంటి కుచ్చులతో, మచ్చల చర్మంతో రాతిలో కలిసిపోయి పడుకుంటుంది. దాడి చేసే స్వభావం కాదు. కానీ తెలియక తొక్కినా, తోక పట్టుకున్నా వెనక్కి తిరిగి కరుస్తుంది, కరిస్తే వదలదు. దాన్ని కాలికి వేలాడించుకునే ఒడ్డుకొచ్చి ఆసుపత్రికి వెళ్లినవాళ్లున్నారు. పోర్ట్ జాక్సన్ సొర సాధుజీవి. చలికాలం చివర్లో ఆడది మరమేకు ఆకారంలో గుడ్డు పెడుతుంది. రాతి పగుళ్లలో ఇరికించిన ఆ గుడ్డును అల ఊడదీయలేదు.

ఎర్ర రాక్‌కాడ్ వెన్ను ముళ్లలో విషముంటుంది. గుచ్చుకుంటే, చర్మం ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ఆ భాగాన్ని ముంచి ఉంచడమే ఉపశమనం. నీలి ఉంగరాల ఆక్టోపస్ మాత్రం వేరే సంగతి. అరచేతిలో ఇమిడే ఈ జీవి మామూలుగా మట్టిరంగులో ఉంటుంది. బెదిరినప్పుడే ఉంగరాలు నీలంగా వెలుగుతాయి. కరిచిన చోట నొప్పి కూడా తెలియదు. కొద్ది నిమిషాల్లో కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగుతుంది. విరుగుడు మందు లేదు. ఆసుపత్రికి చేరేదాకా నోటితో ఊపిరి ఊదుతూ ఉంటే మనిషి బతుకుతాడు. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు పాటు సమయంలో రాతి మడుగుల్లో ఆడుకుంటారు. అక్కడ ఖాళీ గవ్వను కూడా తీసి జేబులో వేసుకోవద్దని వాళ్లకు నేర్పాలి, ఈ ఆక్టోపస్ అందులోనే దాక్కుంటుంది. సిడ్నీ తీరంలో చాలా చోట్ల రాతి మీది జీవుల్ని ఏరడం నేరమని బోర్డులు కూడా ఉంటాయి.

దక్షిణాన బారుంగుబా అనే మాంటేగ్ దీవి దగ్గర సీళ్లు వేటగాడి చుట్టూ పల్టీలు కొడతాయి, మాస్క్‌లోకి తొంగిచూస్తాయి, నడుముకు కట్టిన చేపను ఎత్తుకుపోతాయి. సీళ్లున్న చోట వాటిని తినే తెల్ల సొర కూడా ఉంటుందన్నది అనుభవజ్ఞులు మరవని మాట. ఇంకా పడమటికి, దక్షిణ ఆస్ట్రేలియాలోని వయాల్లా దగ్గర ప్రతి చలికాలం పెద్ద కటిల్‌ఫిష్‌లు వేలకు వేలుగా లోతు తక్కువ రాళ్ల మీద జతకట్టడానికి చేరతాయి. 1990ల చివర్లో విపరీతంగా పట్టేసి, ఆ గుంపును కూల్చేదాకా తెచ్చాక గానీ అక్కడ వేట ఆపలేదు.

తెల్ల సొర, రాడ్నీ ఫాక్స్

1963 డిసెంబర్ 8న అడిలైడ్‌కు దక్షిణాన ఆల్డింగా బీచ్‌లో దక్షిణ ఆస్ట్రేలియా బల్లెం వేట పోటీలు జరుగుతున్నాయి. కొన్ని గంటలుగా డజన్ల కొద్దీ వేటగాళ్లు కొట్టిన చేపల రక్తం నీటిలో కలుస్తోంది. అంతకుముందు ఏడు విజేత, 23 ఏళ్ల రాడ్నీ ఫాక్స్, ఒక మోర్‌వాంగ్‌కు గురిపెడుతుండగా తెల్ల సొర పక్క నుంచి వచ్చి ఛాతీని నోట కరిచింది. అతను చేత్తో దాని కళ్లను పొడిచాడు. అది వదిలాక తోయబోతే చేయి నోట్లోకి పోయి పళ్లకు చీలింది. పైకి తేలాడు. సొర ఈసారి చేపలు కట్టిన ఫ్లోట్‌ను మింగింది. ఆ ఫ్లోట్ తాడు అతని బెల్టుకే ఉంది. దాంతోపాటు అతన్నీ అడుగుకు లాక్కుపోయింది. బెల్టు విప్పుకునే ఓపిక లేని స్థితిలో తాడు తెగింది. పక్కటెముకలు విరిగి, ఊపిరితిత్తి చిల్లుపడి, పొట్ట తెరుచుకుంది. వెట్‌సూట్ బిగువే లోపలి అవయవాల్ని పట్టి ఉంచింది. డాక్టర్లు వేసిన కుట్లు 460 దాటాయి.

కోలుకున్నాక ఫాక్స్ మళ్లీ నీటిలోకి దిగాడు. సొరల్ని దగ్గరగా చూడటానికి ఇనుప పంజరం రూపొందించాడు, జీవితమంతా తెల్ల సొర ఎందుకు కావాలో చెబుతూ గడిపాడు. 1975లో వచ్చిన జాస్ సినిమా కోసం నిజమైన సొరల దృశ్యాల్ని టేలర్ దంపతులు ఫాక్స్ సాయంతో ఇదే రాష్ట్రంలో, పోర్ట్ లింకన్ ఎదుట తీశారు. ఆ సినిమా చూసి జనం సొరల మీద పగబట్టడం వాళ్లను చాలా నొప్పించింది. 1991లో దక్షిణాఫ్రికా, ఆ దశాబ్దం ముగిసేలోపు ఆస్ట్రేలియా తెల్ల సొరకు రక్షణ ఇచ్చాయి.

ఫాక్స్‌పై జరిగిన దాడి వేట పద్ధతినీ మార్చింది. కొట్టుకునే చేప పుట్టించే కంపనాలు, రక్తపు వాసన సొరను చాలా దూరం నుంచి రప్పిస్తాయి. అందుకే చేపను నడుముకు కట్టుకోవడం మానాలని, పొడవాటి తాడు చివర తేలే ఫ్లోట్‌కో పడవకో చేర్చాలని, సొర వస్తే చేపను వదిలేసి కళ్లు దాని మీదే ఉంచి వెనక్కి జరగాలని నేర్పుతారు. ఆ ఫ్లోట్ మీది జెండా పడవలవాళ్లకు కింద మనిషున్నాడని కూడా చెబుతుంది.

నియమాలు

న్యూ సౌత్ వేల్స్‌లో బల్లెం వేటకు చేపల వేట రుసుము కట్టాలి. సిలిండర్‌తోగానీ, పైనుంచి గొట్టంతో గాలి తీసుకుంటూగానీ బల్లెం పట్టకూడదు. ఊపిరి ఎంతసేపు నిలిస్తే అంతే అవకాశం. ఈ ఒక్క నియమం లోతులోని చేపలకు పెద్ద ఆశ్రయం. పవర్‌హెడ్‌లు నిషిద్ధం. లాబ్‌స్టర్‌ను, అబలోన్‌ను చేత్తోనే తీయాలి, పొడవకూడదు. ఇసుక బీచ్‌లలో రెండు చివర్ల 20 మీటర్లు తప్ప వేట లేదు. కింగ్‌ఫిష్ 65 సెంటీమీటర్లకు తగ్గకూడదు, మనిషికి ఐదు. మాన్లీలోని క్యాబేజ్ ట్రీ బే లాంటి అభయారణ్యాల్లో ఏ రకం వేటా ఉండదు. అక్కడ 2002 నుంచి అదే నియమం. గ్రోపర్, మోర్‌వాంగ్, వాబ్బిగాంగ్ మనిషిని లెక్కచేయకుండా తిరిగే దృశ్యం చూడాలంటే స్నార్కెల్ ఒక్కటి చాలు.

జాతిని బట్టి నిషేధం, పనిముట్టును బట్టి నిషేధం, చోటును బట్టి నిషేధం: ఈ మూడింటిలో చివరిదే గట్టిదని ఈ తీరపు అనుభవం. ఎర్ర మోర్‌వాంగ్ లాంటి ఇల్లు వదలని చేపను లెక్కల పరిమితి కాపాడలేదు. ఒక్కొక్కరూ తమ వాటా తీసుకుపోయినా బండ ఖాళీ అవుతుంది. చోటును మూసిపెట్టినప్పుడు ఆ బండ మీది చేప అక్కడే పెద్దదవుతుంది, అక్కడే గుడ్లు పెడుతుంది.

వెచ్చబడుతున్న నీరు

తూర్పు ఆస్ట్రేలియా ప్రవాహం బలపడి ఇంకా దక్షిణానికి చొచ్చుకుపోతోంది. దానితోపాటు పొడవు ముళ్ల సీ అర్చిన్ న్యూ సౌత్ వేల్స్ నుంచి టాస్మేనియాకు చేరింది. 1978లో అక్కడ తొలిసారి కనిపించిన ఈ జీవి ఇప్పుడు తూర్పు తీరమంతా లక్షల్లో ఉంది. కెల్ప్‌ను మొదలంటా మేసి, అడవిని వట్టి రాయిగా మారుస్తోంది. దాన్ని తినగలిగే పెద్ద లాబ్‌స్టర్లను మనుషులు ముందే పట్టేశారు. అక్కడి బల్లెం వేటగాళ్లు, డైవర్లు కొందరు ఇప్పుడు సుత్తులతో దిగి అర్చిన్‌లను పగలగొడుతున్నారు, వాటి గుడ్ల సంచిని అమ్మే పరిశ్రమ కూడా మొదలైంది.

కొత్త నీటితో కొత్త చేపలూ వస్తున్నాయి. ఒకప్పుడు అరుదుగా తగిలే కింగ్‌ఫిష్ ఇప్పుడు టాస్మేనియా వేసవిలో గుంపులుగా తిరుగుతోంది. తమ తీరంలో ఇంతవరకు చూడని జాతి ఎదురైతే వేటగాళ్లు ఫొటో తీసి, చోటు, లోతు, తేదీతో రెడ్‌మ్యాప్ అనే పథకానికి పంపుతున్నారు. టాస్మేనియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2009లో దీన్ని ప్రారంభించారు, తర్వాత దేశమంతటికీ విస్తరించారు. రోజూ అవే బండల మీదుగా ఈదే వేటగాడికి ఏ చేప కొత్తదో, ఏది నిన్నటిదాకా ఉండి ఇవాళ లేదో చెప్పగల కన్ను ఉంటుంది. పరిశోధన ఓడలు ఏడాదికోసారి వచ్చిపోయే తీరంలో ఆ ఫొటోలు ఏ జాతి ఎంత దక్షిణానికి జరిగిందో గీసే పటాల్లో చేరుతున్నాయి.